మధ్యాహ్నం కరెంటు వేరు, సాయంత్రం కరెంటు వేరు

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. దేశంలో కరెంటు ఉత్పత్తి సామర్థ్యంలో సగం సోలార్, గాలి, నీరు, అణు విద్యుత్తుదే అయిందని వార్తల్లో చదివారు. అలాంటప్పుడు నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర 4 వేల మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఎందుకు కట్టినట్టు? నిజాంపేటలోని మీ 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మీద సోలార్ పెట్టిస్తే కర్బన ఉద్గారాలు నిజంగా తగ్గుతాయా? లేక 2030 లక్ష్యాలు, 2070 లక్ష్యాలు అన్నీ కాగితాలకే పరిమితమా?

నేను విద్యుత్ శాఖలో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం కాలం లోడ్ డిస్పాచ్‌లోనే, అంటే ఉత్పత్తిని వాడకానికి ఎప్పటికప్పుడు సరితూచే గదిలోనే గడిచింది. అక్కడ గోడ మీద గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పెద్ద ఎర్ర అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. 49.98, 50.01, 49.95... అది 50 దగ్గర నిలవాలి. షిఫ్టులో ఉన్నంతసేపూ కన్ను దాని మీదే. అంకె పడిపోతోందంటే వాడకానికి తగ్గ ఉత్పత్తి లేదని, ఎక్కుతోందంటే ఉత్పత్తి ఎక్కువైందని అర్థం. అక్కడ రోజును 24 గంటలుగా చూడరు, 96 బ్లాకులుగా చూస్తారు. ఒక్కో బ్లాకు 15 నిమిషాలు. ఏ బ్లాకులో ఎంత కావాలి, ఎవరు ఇస్తారు, అంతే లెక్క. ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెప్తున్నాను. మన దేశపు పునరుత్పాదక విద్యుత్ కథ అర్థం కావాలంటే ‘ఎన్ని మెగావాట్లు’ అని కాకుండా ‘ఏ గంటలో’ అని అడగాలి.

ముందు ఆ ‘సగం’ సంగతి. 2025 జూన్ చివరికి దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం దాదాపు 4 లక్షల 85 వేల మెగావాట్లు. అందులో 2 లక్షల 43 వేలు బొగ్గు, గ్యాస్, డీజిల్ కానివి. పారిస్ ఒప్పందం కింద మనం 2030 నాటికి సగం అన్నాం, ఐదేళ్ల ముందే చేరాం. ఇది అబద్ధం కాదు, చిన్న విషయం అంతకన్నా కాదు. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలుపెట్టినప్పుడు 2022 నాటికి 20 వేల మెగావాట్లు అంటే మా ఆఫీసులోనే చాలామంది నమ్మలేదు. 2015లో దాన్ని లక్షకు పెంచినప్పుడు అసలే నమ్మలేదు. లక్ష మెగావాట్లు 2022కి రాలేదు, 2025 జనవరికి వచ్చాయి. ఆలస్యమైనా వచ్చాయి.

కానీ సామర్థ్యం ఒకటి, యూనిట్లు ఇంకొకటి. ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు ఏడాదికి ఇచ్చేది 17 లక్షల యూనిట్ల చుట్టుపక్కల. అదే ఒక మెగావాట్ బొగ్గు ప్లాంటు 70 శాతం లోడ్ మీద నడిస్తే 60 లక్షల యూనిట్లు ఇస్తుంది. అందుకే సామర్థ్యంలో సగం దాటినా, 2024–25లో మనం వాడిన కరెంటులో బొగ్గు కానిది నాలుగో వంతు దగ్గరే ఉంది. మిగతాదంతా దాదాపు బొగ్గే. వార్తల్లో ‘సగం’ అన్న మాట చదివి ‘మనింట్లో వెలిగే బల్బుల్లో సగం ఎండతో వెలుగుతున్నాయి’ అనుకుంటే పొరపాటు. అలా రాసే పత్రికలదీ తప్పే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ నాలుగో వంతు కూడా రోజంతా సమానంగా పరుచుకుని ఉండదు. మధ్యాహ్నం 12 గంటలకు సోలార్ పొంగిపొర్లుతుంది. సాయంత్రం 6:30కి సున్నా. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ ఇంటికి చేరుతుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో లిఫ్టులు, వంటింట్లో మిక్సీ, హాల్లో టీవీ, పడకగదిలో ఏసీ, కింద పార్కింగ్‌లో ఈవీ చార్జర్ అన్నీ ఒక్కసారి మొదలవుతాయి. సోలార్ దిగిపోయే వేగానికి, వాడకం ఎక్కే వేగానికి మధ్య ఉన్న ఆ గంటన్నర, డిస్పాచ్‌లో కూర్చున్నవాళ్లకు రోజులో అత్యంత టెన్షన్ ఉండే సమయం. కరెంటు కొనుక్కునే, అమ్ముకునే బజారైన ఎక్స్ఛేంజ్‌లో ధర చూసినా ఇదే కనిపిస్తుంది. మధ్యాహ్నం యూనిట్ రెండు మూడు రూపాయలకే దొరికే రోజులున్నాయి. అదే రోజు రాత్రి 8 గంటలకు గరిష్ఠ పరిమితి అయిన 10 రూపాయలు పెట్టినా అడిగినంత దొరకదు.

దామరచర్లలోని యాదాద్రి ప్లాంటు ఎందుకు అన్న మీ ప్రశ్నకు జవాబు ఆ రాత్రి 8 గంటల్లో ఉంది. రాష్ట్రం విడిపోకముందు, 2012–13లో, పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు ప్రకటించిన కాలం మీకు గుర్తుండకపోవచ్చు. జీడిమెట్ల, బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు నడిపినవాళ్లను అడగండి, వాళ్లు మర్చిపోరు. ఆ అనుభవంతోనే కొత్త రాష్ట్రం 800 మెగావాట్ల యూనిట్లు ఐదు పెట్టాలని నిర్ణయించింది. 2015లో శంకుస్థాపన జరిగింది. అప్పటికి సోలార్ ఇంత చౌక కాలేదు, పెద్ద బ్యాటరీలు అసలే అందుబాటులో లేవు. ఆ రోజుకి ఆ నిర్ణయం అర్థమైనదే. నా బాధ వేరే. ఒకసారి కట్టిన బొగ్గు యూనిట్ 25 ఏళ్లు, 30 ఏళ్లు నడవాలి, లేకపోతే అప్పు తీరదు. ఇవాళ సాయంత్రం అవసరం కోసం కొత్తగా ఇంకో బొగ్గు యూనిట్ కడితే అది 2055లోనూ పొగ వదులుతుంది. 2070కి నికర ఉద్గారాలు సున్నా అన్న దేశానికి ఇది చిన్న విషయం కాదు. 2015లో సరైన నిర్ణయమని 2026లోనూ అదే చేస్తే సరిపోదు.

సాయంత్రం కరెంటు ఎక్కడినుంచి తేవాలి మరి? దీనికి జవాబు మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదే ఉంది. సోలార్ ప్యానెళ్ల గురించి కాదు నేను చెప్పేది, నీళ్ల ట్యాంకు గురించి. మీ వాచ్‌మన్ బోర్ మోటార్ వేసి ట్యాంకు నింపుతాడు. మీరు సాయంత్రం కుళాయి తిప్పినప్పుడు మోటార్ నడవనక్కర్లేదు, నీళ్లు పైనుంచి దిగుతాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాల్లో సరిగ్గా ఇదే పెద్ద ఎత్తున చేయొచ్చు. సాగర్‌లో 100 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడు, శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి. రివర్సిబుల్ అంటే అవే యంత్రాలు ఒకవైపు తిరిగితే కరెంటు ఇస్తాయి, వెనక్కి తిప్పితే కింది నీళ్లను పైకి తోడతాయి. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు మిగిలే కరెంటుతో నీళ్లు ఎత్తి, చీకటి పడ్డాక దించితే చాలు. నాలుగు యూనిట్ల కరెంటు పెట్టి ఎత్తితే మూడు యూనిట్ల కరెంటు వెనక్కి వస్తుంది. ఒకటి పోతుంది. మధ్యాహ్నం రెండు రూపాయలు, రాత్రి పది రూపాయలు అయినప్పుడు ఆ ఒకటి పోయినా లాభమే.

కింద నీళ్లు నిలిచే చోటు ఉండాలి, పైన జలాశయంలో మట్టం ఉండాలి, కృష్ణా నీళ్ల మీద రెండు రాష్ట్రాల లెక్కలు కుదరాలి. అందుకే ఉన్న యంత్రాలను పూర్తిగా వాడుకోలేకపోతున్నాం. నది మీద ఆధారపడకుండా రెండు చెరువులు కట్టి అవే నీళ్లను పైకీ కిందికీ తిప్పే పద్ధతి వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో సంస్థ ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల కేంద్రాన్ని ఆ పద్ధతిలోనే చేపట్టింది. నా దృష్టిలో గత పదేళ్లలో తెలుగు నేల మీద మొదలైన విద్యుత్ ప్రాజెక్టుల్లో అతి ముఖ్యమైనది అదే.

జలవిద్యుత్తు ఎంత చురుగ్గా స్పందిస్తుందో నేను కళ్లారా చూసిన రాత్రి ఒకటుంది. 2020 ఏప్రిల్ 5. కరోనా లాక్‌డౌన్‌లో రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు ఆర్పమని ప్రధాని పిలుపునిచ్చారు. దేశం మొత్తం మీద 12, 13 వేల మెగావాట్లు పడిపోవచ్చని అంచనా వేశారు. నిజంగా పడింది 31 వేల మెగావాట్లు. అది నిమిషాల్లో పడి, మళ్లీ నిమిషాల్లో లేచింది. బొగ్గు యూనిట్‌ను అంత వేగంగా దించలేం, బాయిలర్ ఒప్పుకోదు. ఆ రాత్రి ప్రధానంగా జలవిద్యుత్తును దించి, మళ్లీ ఎక్కించి గ్రిడ్‌ను నిలబెట్టారు. ఆ పది నిమిషాలు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎర్ర అంకె తిరిగి 50 దగ్గర కుదురుకున్నాక ఒక జూనియర్ ఇంజినీర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఇంకో పదేళ్లకు ఇలాంటి ఎత్తుపల్లాలు రోజూ సాయంత్రం ఉంటాయి. వాటిని బొగ్గుతో దాటలేం.

బ్యాటరీల విషయం వేగంగా మారుతోంది. 2022లో రెండు గంటల బ్యాటరీ నిల్వకు టెండర్‌లో వచ్చిన ధర మెగావాట్‌కు నెలకు 10 లక్షల రూపాయలు దాటింది. 2025 నాటికి అది రెండున్నర లక్షల లోపుకు దిగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త సోలార్ టెండర్లలో కనీసం రెండు గంటల నిల్వ జోడించమని సూచించింది. ఆ సూచన ఐదేళ్ల ముందు వచ్చి ఉంటే బాగుండేది. రాజస్థాన్‌లో మధ్యాహ్నం పూట సోలార్ ప్లాంట్లను ఆపించాల్సి వస్తోంది. లైన్లు చాలక కొంత, బొగ్గు యూనిట్లను 55 శాతం కంటే కిందికి దించలేక కొంత. సాయంత్రం అవసరమవుతాయి కాబట్టి వాటిని పూర్తిగా ఆపలేరు. ఎండను పారబోసి బొగ్గును సన్నమంట మీద ఉంచుతున్నాం. ఆ కనీస లోడ్‌ను దశలవారీగా 40 శాతానికి తేవాలని 2023లో నిబంధన వచ్చింది. పాత యూనిట్లను అందుకు సిద్ధం చేయడానికి డబ్బు ఖర్చవుతుంది, అందుకే నత్తనడక నడుస్తోంది.

ఇక ‘కాగితాలకే పరిమితమా’ అన్నారు. మన దగ్గర ‘జాతీయ ఇంధన విధానం’ అని ఒకే పుస్తకం లేదు. 2017లో నీతి ఆయోగ్ ఒక ముసాయిదా తెచ్చింది, అది ముసాయిదాగానే ఉండిపోయింది. ఉన్నవి చట్టాలు, మిషన్లు. 2001 ఇంధన పొదుపు చట్టం, 2003 విద్యుత్ చట్టం, 2008 వాతావరణ కార్యాచరణ ప్రణాళిక, సోలార్ మిషన్, 2023 గ్రీన్ హైడ్రోజన్ మిషన్... ఇలా ఒక్కొక్కటీ ఒక్కో శాఖది. వీటిలో కొన్ని నిజంగా పనిచేశాయి, కొన్ని పేరుకే ఉన్నాయి. ఒక విషయం జాగ్రత్తగా చదవండి. మనం ప్రపంచానికి మాటిచ్చింది 2030కి ఉద్గారాలు తగ్గిస్తామని కాదు, ఉద్గారాల తీవ్రతను 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామని. తీవ్రత అంటే దేశ ఆదాయంలో ప్రతి రూపాయికి ఎంత కర్బనం అన్నది. ఇంటి ఆదాయం పెరుగుతుంటే అందులో పెట్రోల్ ఖర్చు వాటా తగ్గుతుంది, పోయించే లీటర్లు మాత్రం పెరుగుతూనే ఉండొచ్చు. 2020 నాటికే తీవ్రత 36 శాతం తగ్గింది. మొత్తం ఉద్గారాలు పెరుగుతూనే ఉన్నాయి. తలసరి చూస్తే మనం ప్రపంచ సగటులో సగం కూడా లేం కాబట్టి ఇది అన్యాయమైన మాట కాదు. కానీ తేడా తెలిసి మాట్లాడుకోవాలి.

పరిశ్రమల కోసం కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకం 2023లో నోటిఫై అయింది. సిమెంట్, అల్యూమినియం లాంటి రంగాలకు టన్ను సరుక్కి ఇంత కర్బనమే అని లక్ష్యం పెడతారు. తాండూరు, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీల మీద దీని ప్రభావం పడుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాలను మొదటి విడతలో కలపలేదు. కలపాలి. అన్నిటికంటే ఎక్కువ బొగ్గు కాల్చేది అక్కడే.

నిజంగా పనిచేసినదేమిటో చెప్పమంటే నేను సోలార్ కంటే ముందు ఎల్‌ఈడీ బల్బు పేరు చెప్తాను. 2014లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బు కొన్న ధర 310 రూపాయలు. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైంది. కోట్లలో ఒకేసారి కొనడంతో 2016కి ఆ ధర 38 రూపాయలకు దిగింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. బజార్లో కూడా ధర పడిపోయింది, జనం తామే కొనుక్కున్నారు. 60 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్లు. దాని అందం ఏమిటంటే, ఆదా అయ్యేది సరిగ్గా చీకటి పడ్డాకే. సోలార్ చేరలేని గంటలో బొగ్గును తగ్గించింది బల్బు. పొదుపుకు ఎండతో పని లేదు, లైన్లతో పని లేదు, స్థలం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ పని ఫ్యాన్లతో చేయాలి. దీని మీద నాకు చాలా పట్టుదల ఉంది, కాస్త వివరంగా చెప్తాను. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటార్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 30 వాట్ల చుట్టుపక్కల. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ ఫ్యాన్ 15, 20 ఏళ్లు పాడవదు. పాడవని వస్తువును ఎవరు మారుస్తారు? తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లు సున్నా. పేదింటికి కరెంటు బిల్లు భయం లేకపోవడం నాకు సంతోషమే, దాన్ని తప్పుపట్టను. అయితే ఆ ఇంట్లో పాత ఫ్యాను మార్చుకోవడానికి కారణం లేదు, సోలార్ పెట్టుకోవడానికీ కారణం లేదు. ఆ యూనిట్ల డబ్బు ప్రభుత్వమే డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు కడుతోంది. లెక్క వేయండి. రెండు ఫ్యాన్లు, రోజుకు 12 గంటలు, చలికాలం తీసేస్తే ఏడాదికి 300 యూనిట్ల దాకా ఆదా. కరెంటు తెచ్చి ఇంటిదాకా ఇవ్వడానికి అయ్యే ఖర్చు యూనిట్‌కు ఏడు రూపాయలు అనుకున్నా 2,100 రూపాయలు. లక్షల్లో ఒకేసారి కొంటే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్ల ఖర్చు రెండేళ్లలో వచ్చేస్తుంది. ఆ తర్వాత పదేళ్లు ఖజానాకు మిగులు. మే నెల రాత్రుల్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు కూడా తగ్గుతుంది. ఫ్యాన్లు ఉచితంగా పంచినా ప్రభుత్వానికి లాభమే. ఇది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ బల్బుల అనుభవం చూపించి చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

హైదరాబాద్ వేడి సంగతీ ఇందులో భాగమే. ఐమాక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న ప్రాంతంలో ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ థర్మల్ కేంద్రం ఉండేది. నిజాం కాలంలో 1920లో పెట్టింది, సాగర్ నీళ్లతోనే చల్లబరిచేవారు, 1983లో మూసేశారు. దాని పూర్తి సామర్థ్యం 22.5 మెగావాట్లు. 2024 మేలో గ్రేటర్ హైదరాబాద్ పీక్ 4,300 మెగావాట్లు దాటింది. ఈ పెరుగుదలలో పెద్ద భాగం ఏసీలది. పై అంతస్తులో ఉండేవాళ్లకు తెలుసు, రాత్రి 11 అయినా స్లాబ్ నుంచి వేడి దిగుతూనే ఉంటుంది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను తెల్లటి పూతతోనో, టైల్స్‌తోనో చల్లబరచాలని లక్ష్యం. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. అమలు మాత్రం ఆ స్థాయిలో కనిపించడం లేదు. మీ టెర్రస్ మీద సోలార్ పోను మిగిలిన జాగాకు ఈ వేసవికి ముందే తెల్లపూత వేయించండి. ఏసీ 24 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా ఆదా అని ఇంధన పొదుపు సంస్థ లెక్క.

మీ అపార్ట్‌మెంట్ విషయానికి వస్తాను. కర్బనం తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. మధ్యాహ్నం కూడా గ్రిడ్‌లో బొగ్గు నడుస్తూనే ఉంటుంది కాబట్టి మీ ప్యానెల్ ఇచ్చే యూనిట్ చాలా రోజుల్లో ఎక్కడో ఒక బొగ్గు యూనిట్‌ను తగ్గిస్తుంది. మన ఊళ్లో ఒక కిలోవాట్ ఏడాదికి 1,400 యూనిట్ల దాకా ఇస్తుంది. దేశ సగటున ఒక యూనిట్‌కు 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. 10 కిలోవాట్లు పెడితే ఏడాదికి 14 వేల యూనిట్లు, దాదాపు 10 టన్నులు. సగటు భారతీయుడి ఉద్గారాలు ఏడాదికి రెండు టన్నులు. అంటే ఐదుగురి వాటా. పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు లిఫ్టు, మోటార్, కారిడార్ లైట్ల లాంటి కామన్ అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే ఉండాలి, కొటేషన్‌లో అది రాయించుకోండి. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదించినట్టు లెక్క, 2024లో నిబంధన మారింది.

నీడ విషయంలో నాకు జరిగిన నష్టం మీకు జరగకూడదు. మా ఇంటి మీద పెట్టిన మనిషి మధ్యాహ్నం 12 గంటలకు వచ్చి, ఎక్కడా నీడ లేదని చూసి, మెట్ల గదికి తూర్పున ప్యానెళ్లు బిగించి వెళ్లాడు. మూడున్నర అయ్యేసరికి మెట్ల గది నీడ మొదటి రెండు ప్యానెళ్ల మీద పడుతుంది. రెండింటి మీద పడితే ఆ వరుసంతా దెబ్బతింటుంది. అది నేనే గమనించాల్సింది, ఊళ్లో లేను. తర్వాత స్టాండు విప్పి జరిపించడానికి మళ్లీ ఖర్చు. కాబట్టి ఉదయం 9కి, మధ్యాహ్నం 3:30కి టెర్రస్ ఎక్కి ఫోటోలు తీయండి, వీలైతే డిసెంబర్‌లో, అప్పుడు నీడ పొడవు. ఎండాకాలంలో ఎక్కువ వస్తుందనుకుంటారు, అదీ సరికాదు. ప్యానెల్ రేటింగ్ 25 డిగ్రీల దగ్గర ఇచ్చింది. మే మధ్యాహ్నం అద్దం మీద చెయ్యి పెట్టలేం, 60 డిగ్రీలు దాటుతుంది. పదో వంతుకు పైగా ఉత్పత్తి అక్కడే పోతుంది. ఫిబ్రవరి, మార్చిలో తేటగా ఉన్న రోజులే బంగారం. నెలకు రెండుసార్లు ఉదయం ఆరింటికి మామూలు నీళ్లతో కడిగించండి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే తెల్లమచ్చలు పడతాయి, మంజీర నీళ్లు వాడండి.

ఫ్లాట్లలో విడివిడిగా చేయాల్సింది ఫ్యాన్లు. మీలాంటి మధ్యతరగతి ఇంట్లో మేలో 400 యూనిట్లు దాటడం మామూలే. అక్కడ స్లాబు యూనిట్‌కు 9 రూపాయల 50 పైసలు. నాలుగు ఫ్యాన్లు మారిస్తే, పది గంటల చొప్పున నెలకు 54 యూనిట్లు. ఆదా అయ్యేవి ఎప్పుడూ పై స్లాబులోవే కాబట్టి 500 రూపాయలు దాటుతుంది.

బొగ్గు గురించి చివరగా ఒక మాట, ఇది మీరు అడగలేదు. సింగరేణిలో దాదాపు 40 వేల కుటుంబాల జీతాలు ఆ బొగ్గు మీదే. కొత్తగూడెం, మందమర్రి, భూపాలపల్లిలో ఊరు ఊరంతా గని మీద బతుకుతుంది. బొగ్గు వద్దని హైటెక్ సిటీలో కూర్చుని అనడం తేలిక. ఎన్‌టీపీసీ రామగుండంలో 2022లో రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ పెట్టింది. సింగరేణి కూడా తన స్థలాల్లో సోలార్ పెడుతోంది. మంచి పనులే, కానీ ఒక గనిలో ఉన్నన్ని ఉద్యోగాలు ఒక సోలార్ ప్లాంటులో ఉండవు. నీళ్లు ఎత్తి దించే పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు, బ్యాటరీ, ప్యానెల్ ఫ్యాక్టరీలు రంగారెడ్డి జిల్లాకే కాకుండా ఆ ఊళ్లకు వెళ్లాలి. ఐటీఐలో మైనింగ్ చదివే పిల్లాడికి ఇప్పటినుంచే ఆ దారి చూపించాలి. దేశపు విధానంలో నాకు అన్నిటికంటే ఖాళీగా కనిపించే పేజీ ఇదే.

రేపు మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో సోలార్ కొటేషన్ల చర్చ తేలకపోయినా, ఒక పని మాత్రం రేపే చేసేయండి. మీ బోర్ మోటార్ ఎన్ని గంటలకు వేస్తున్నారో వాచ్‌మన్‌ను అడగండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఉదయం 6కి, మళ్లీ సాయంత్రం 7కి వేస్తారు. అంటే గ్రిడ్ మీద బరువు ఎక్కువున్నప్పుడే ఏడున్నర హెచ్‌పీ మోటార్ నడుస్తోంది. పెద్ద ట్యాంకే కదా, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య నింపితే మర్నాటి దాకా సరిపోతుంది. మోటార్ స్టార్టర్‌కు టైమర్ పెట్టడం ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించండి, నీళ్లు పొర్లిపోవు. మొదటి వారం వాచ్‌మన్‌ను మధ్యాహ్నం ఒకసారి పైకెక్కి మట్టం చూసి రమ్మని చెప్పండి.